మందుకు ముందే నీరు
కొల్లేరు చుట్టుపట్ల కైకలూరు, ఆకివీడు ప్రాంతాల్లో శీలావతి, బొచ్చె పెంచే చెరువులకు జబ్బు సోకినప్పుడు చూపు ముందుగా మందుల దుకాణం వైపు మళ్లడం సహజమే గాని, రెక్కలను, తోకను కుళ్లబెట్టే ఏరోమోనాస్ వంటి బ్యాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న చెరువులోనూ ఉండేదే కనుక, అది చేపను లొంగదీయగలిగేలా ఏ మార్పు వచ్చిందన్నదే అసలు ప్రశ్న. ఆ మార్పు తరచుగా నీటిలో వస్తుంది. నీటిని పచ్చగా చేసే సూక్ష్మమైన నాచు పగలు ఎండలో ప్రాణవాయువును విడుదల చేసి, రాత్రి చేపలతో పాటు తానూ దాన్ని వాడుకుంటుంది. అందువల్ల తెల్లవారుజామున నీటిలో కరిగిన ప్రాణవాయువు అతి తక్కువగా ఉంటుంది, మబ్బు పట్టిన రోజుల్లో మరీ పడిపోయి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. మిగిలిపోయిన మేత అడుగున కుళ్లి అమ్మోనియాగా మారితే మొప్పలు దెబ్బతింటాయి. ఏరేటర్లు తిప్పవలసింది, మేత తగ్గించవలసింది ఈ దశలోనే.

ఆంధ్ర రైతులు తవుడును చిల్లుల సంచుల్లో నింపి వెదురు గెడలకు కట్టే పద్ధతి మేత వృథాను తగ్గించింది. అయితే చేపలన్నీ ఒకేచోట ఒరుసుకుంటూ తినడం వల్ల నెత్తురు పీల్చే ఆర్గులస్, అంటే చేప పేను, ఒకదాని నుంచి మరొకదానికి సులువుగా పాకుతుంది. ఈ పేను గట్టి వస్తువుల మీదే గుడ్లు పెడుతుంది కనుక, నీటిలో వెదురు ముక్కలు నాటి, కొన్నాళ్లకొకసారి తీసి ఎండబెడితే గుడ్లు నశిస్తాయి. ఖర్చు లేని ఈ ఉపాయానికి దక్కవలసినంత ఆదరణ దక్కలేదనే చెప్పాలి.

1988లో భారతదేశంలో ప్రవేశించిన, ఒంటిపై పుండ్లు పడే ఈయూఎస్ వ్యాధికి అఫానోమైసిస్ అనే బూజు వంటి జీవి కారణం. నీరు చల్లబడే శీతకాలంలో ఇది విజృంభిస్తుంది. చలికి ముందే సున్నం చల్లడం, వరద నీటితో పాటు బయటి చేపలు చొరబడకుండా కాల్వ తూముకు జాలీ కట్టడం, వలను ఒక చెరువు నుంచి మరో చెరువుకు తడిగానే తీసుకుపోకుండా ఎండబెట్టడం ఇందుకు తగిన జాగ్రత్తలు. పట్టుబడి ముగిశాక చెరువును నెర్రెలు విచ్చేదాకా ఎండగట్టడమూ అవసరమే.

మేతలో కలిపే యాంటీబయాటిక్‌కు ఒక పరిమితి ఉంది: జబ్బుపడిన చేప మొదట మానేది మేతనే కావడం వల్ల, మందు ఎక్కువగా దాని అవసరం లేని చేపల కడుపులోకే చేరి, చెరువులోని బ్యాక్టీరియాకు ఆ మందును తట్టుకునే శక్తిని నేర్పుతుంది.