కుళాయి నీటికిని న్యాయము కలదు

2016 ఆగస్టు 7వ తేదీన మిషన్ భగీరథ ప్రారంభమయ్యెను. ఆ యేటి అక్టోబరు 11న జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలేర్పడినవి. కృష్ణా గోదావరుల జలమును శుద్ధిచేసి యింటింటికి చేర్చుట ఆ పథకపు సంకల్పము. దినమునకు తలకు గ్రామములందు 100 లీటర్లు, పురపాలక పట్టణములందు 135 లీటర్లని నిర్ణయించిరి.

లెక్క అందఱికిని సమానమే. కాని గొట్టపు మొదటనున్న మేడవారు కుళాయికే మోటారు తగిలించినచో, శివారు చివరనున్న పేదయింటికి బిందెడైనను దక్కదు. అంతియే కాదు, మోటారు లాగుడునకు గొట్టము చీలినచోట మురుగు లోనికి పీల్చబడును. ఆ మురుగు మేడవారి తొట్టికిని చేరును.

మన పెద్దల కాలమున చెఱువు క్రింద నీరటికాడుండెడివాడు. తూము దగ్గఱి మడి యెంతటివానిదైనను, చివరి మడి యెండినచో ఊరు నీరటికాని నిలదీసెడిది. పొలమునకు మనమొప్పుకొన్న న్యాయము వీధి కుళాయికి చెల్లదా? పన్ను కట్టితిమి గదా యని కొందఱందురు. పన్ను కట్టినది తమ పాలికే గాని పొరుగువాని పాలికి గాదు.

మేము కోరునది స్వల్పము. గృహస్థులు మోటార్లను తామే తొలగింపవలెను. అధికారులు నీరు వదలు వేళను ముందుగా చాటింపవలెను. నియమము తప్పినవారియెడ మేడకును గుడిసెకును భేదము చూపరాదు. మొదటి కుళాయిని జూచి సంతసింపక, చివరి కుళాయి కడ బిందె పట్టి చూడవలెను. అది నిండిననాడే భగీరథుని పేరు సార్థకము.