గడ్డియా? తుంగయా? కలుపును గుర్తుపట్టు విధము



బాన్సువాడ ప్రాంతమున వరి మడిలో పైరు గాక మొలచిన ప్రతి సన్నాకు మొక్కను "గడ్డి" అనుట వాడుక. మాటకు ఇందు దోషము లేదు గాని, ఖర్చుకు మాత్రము గొప్ప దోషము కలదు. మడిలో ఉన్నది తుంగ అయి, మీరు గడ్డి మందు తెచ్చి చల్లినచో ఒక్క మొక్క కూడ చావదు. మందు డబ్బు, కూలి డబ్బు, పదిహేను దినముల కాలము వృథా అగును. తప్పు మందుది కాదు, మొక్కను గుర్తుపట్టకపోవుటయే తప్పు. కనుక ఈ వ్యాసమున తుంగ జాతి మొక్కల రూపమును, వాని కుటుంబమును, ఒక్కొక్క దాని స్వభావమును వివరింతుము.

గడ్డికి, తుంగకు భేదము

వరి, ఊద, గరిక, జొన్న, చెరకు – ఇవన్నియు గడ్డి కుటుంబమునకు చెందినవి. శాస్త్రజ్ఞులు దీనిని పోయేసీ అందురు. తుంగలది వేరు కుటుంబము, దాని పేరు సైపరేసీ. పైకి ఒకటే పోలిక ఉన్నను ఈ క్రింది గుర్తులను బట్టి వేరుపరచవచ్చును.

1. మొక్కను పెరికి కాండమును రెండు వ్రేళ్ళ మధ్య దొర్లించి చూడండి. గడ్డి గుండ్రముగానో, కొంచెము చదునుగానో తోచును. తుంగ చాల వరకు మూడు అంచులతో వ్రేళ్ళకు తగులును.

2. గడ్డి కాండమునకు కణుపులు ఉండును. పూగుత్తి మోయు తుంగ కాడకు మొదలు నుండి పూగుత్తి వరకు కణుపు కానరాదు. కొన్ని తుంగలకు కాడ గుండ్రముగానే ఉండును గనుక, అనుమానము వచ్చినపుడు కణుపునే ముఖ్యముగా చూడవలెను.

3. గడ్డి ఆకులు కాండమునకు రెండు వైపుల, రెండు వరుసలలో వచ్చును. తుంగ ఆకులు సాధారణముగా మూడు వరుసలలో వచ్చును.

4. గడ్డి ఆకు తొడుగు కాండమును చుట్టి ఒక ప్రక్క విచ్చి ఉండును. తుంగ ఆకు తొడుగు గొట్టము వలె మూసికొని ఉండును.

ఊదను వరి నుండి వేరుపరచుటకు మరియొక గుర్తు కలదు. వరి ఆకు మొదట నాలుక వంటి పలుచని పొర, చెవుల వంటి రెండు కొనలు ఉండును. ఊదకు ఈ రెండును లేవు.

తుంగల కుటుంబము

ఈ కుటుంబము చాల పెద్దది. లోకమున 5,000కు పైగా జాతులు గలవు. చాపలు అల్లు తుంగ ఇందులోనిదే. పూర్వము ఈజిప్టు దేశీయులు కాగితము వలె వాడిన పాపిరస్ కూడ తుంగయే. ఇందు మిక్కిలి పెద్ద ప్రజాతి కారెక్స్. దాదాపు 2,000 జాతులు గల ఈ ప్రజాతి చాల వరకు చలి దేశములలోను, ఎత్తయిన కొండలలోను పెరుగును. మన దేశమున హిమాలయములలోను, పడమటి కనుమల ఎత్తు ప్రదేశములలోను కారెక్సులు గలవు. వానిలో కొన్ని బహు అరుదైనవి, ఒకటి రెండు కొండలకే పరిమితమైనవి.

కారెక్సునకు ఒక విశేషము కలదు. దాని ఆడపూవు చిన్న సంచి వంటి తొడుగులో మూసి ఉండును. గింజ ఆ సంచిలోనే ముదురును. ఆ సంచి ఆకారము, దాని కొనయందలి ముక్కు, నూగు మొదలగు వానిని చూచియే జాతిని నిర్ణయింతురు. ఆకు మాత్రమే చూచి కొండ తుంగ పేరు చెప్పుట పండితులకు కూడ కష్టమే. అందుచేత వారు పూవు, కాయ, వేరుతో సహా మొక్కను అద్ది ఆరబెట్టి భద్రపరతురు.

శాస్త్రీయ నామములు కూడ మారుచుండును. హిమాలయ పచ్చికబయళ్ళలో జడల బఱ్ఱెలు మేయు కోబ్రీసియా అను తుంగలను చాల కాలము వేరు ప్రజాతిగా లెక్కించిరి. 2015లో శాస్త్రజ్ఞులు వానిని కారెక్సులో కలిపిరి. పేరు మారినను మొక్క మారలేదు. మీకు కావలసినది కూడ ఆ మొక్క స్వభావమే.

మన పొలములలోని తుంగలు

మంజీరపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువ క్రింది వరి భూములలోను, చుట్టుప్రక్కల మెట్ట చేలలోను కనబడు తుంగలను రెండు తెగలుగా తలచిన చాలును.

మొదటి తెగ, గింజ తుంగలు. ఇవి గింజతో మొలచి, గింజ రాల్చి చచ్చును. సైపరస్ డిఫార్మిస్ పూలు గుండ్రని ముద్దలుగా ఉండును. సైపరస్ ఇరియా పూలు పసుపు ఛాయతో విడివిడిగా ఉండును, వేళ్ళు పసుపు కలసిన ఎఱుపు. ఫింబ్రిస్టైలిస్ మొదట ఆకులు విసనకఱ్ఱ వలె పరచుకొని, పైన ఆవగింజల వంటి చిన్న గోధుమరంగు తలలు అనేకము వచ్చును. వీనిలో సైపరస్ డిఫార్మిస్ ఇంచుమించు నెల దినములలోనే మొలచి, పూచి, గింజ రాల్చగలదు. ఒక్క మొక్క వేల గింజలు వేయును.

రెండవ తెగ, గడ్డ తుంగ. ఇదియే తుంగముస్తె, వైద్యులు వాడు ముస్త. 1753లో లిన్నేయస్ దీనికి సైపరస్ రోటండస్ అని పేరు పెట్టెను. 1977లో ప్రచురితమైన ప్రపంచ కలుపు మొక్కల గ్రంథము దీనిని లోకములోకెల్ల చెడ్డ కలుపుగా పేర్కొనెను. మొక్కజొన్న, సోయాచిక్కుడు, చెరకు, కూరగాయలు, వరి గట్లు దీని నివాసములు. నీరు నిలిచిన మడిలో ఇది సాధారణముగా అణగి ఉండును, కాని చావదు.

గడ్డ తుంగ ఎందుకు పోదు?

దీని బలము గింజలో లేదు, భూమిలోని గడ్డలలో కలదు. తల్లి మొక్క నుండి సన్నని తీగ వంటి కాండము భూమిలో ప్రాకి, కొంత దూరమున ఒక గడ్డ కట్టును. అచటి నుండి మరల ప్రాకి మరియొక గడ్డ కట్టును. ఇట్లు పూసల దండ వలె సాగును. ఈ గడ్డలలో ఎక్కువ భాగము పై 6 అంగుళముల మట్టిలోనే ఉండును. దండ తెగనంత వరకు కొన గడ్డ మిగిలిన వానిని మొలవనీయక అణచి ఉంచును. నాగలి గాని రోటావేటరు గాని దండను తెంచినచో, నిద్రించుచున్న ప్రతి గడ్డయు వేరు మొక్కయై లేచును. తడి నేలను ఒకసారి దున్ని ఊరకున్నచో తుంగ పెరుగుటకు కారణమిదే.

ఏమి చేయవలెను?

గింజ తుంగలకు: దమ్మునకు ముందు మడికి నీరు పెట్టి కలుపు మొలవనిచ్చి కలియదున్నవలెను. నాటిన పిదప పలుచగా నీరు నిలుపవలెను. పూత రాకముందే కలుపు తీయవలెను. వెదజల్లిన వరిలో మొదట నీరు నిలువదు గనుక తుంగ హెచ్చు, అచట మరింత జాగ్రత్త అవసరము.

గడ్డ తుంగకు: ఎండాకాలమున నేల ఎండియున్నపుడు లోతుగా దున్ని గడ్డలను పైకి తెచ్చి ఎండలో మాడనీయవలెను. తడి లేనిచో గడ్డ బ్రతుకజాలదు. మొలచిన మూడు, నాలుగు వారములకు క్రొత్త గడ్డలు కట్ట మొదలిడును గనుక అంతకు ముందే త్రవ్వి తీయుచుండవలెను. ఈ తుంగకు నీడ గిట్టదు. జనుము, జీలుగ ఒత్తుగా చల్లినచో అణగును. నాగళ్ళకు, ట్రాక్టరు చక్రములకు అంటిన మట్టితో గడ్డలు ప్రక్క చేనికి పోవును, కడిగిన తరువాతనే కదలించవలెను.

మందుల విషయము: సైహాలోఫాప్ బ్యూటైల్ ఊద వంటి గడ్డిని చంపును, తుంగను ముట్టదు. 2,4-డి వెడల్పాకు కలుపును, గింజ తుంగలను తగ్గించును, ఊదను చంపదు, భూమిలోని తుంగ గడ్డలను చంపజాలదు. అది గాలికి ప్రక్క పత్తి, కూరగాయలపై పడనీయరాదు. చెరకు, మొక్కజొన్నలలో గడ్డ తుంగకు హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ కలదు. ఏ మందైనను ఏ పైరుకు, ఎంత మోతాదో డబ్బాపై చూచిన పిదపనే వాడవలెను. ఏటేట ఒకే తెగ మందు చల్లరాదు. 1990 దశకమున కాలిఫోర్నియా, ఆస్ట్రేలియా వరి పొలములలో సైపరస్ డిఫార్మిస్ సల్ఫోనైల్ యూరియా తెగ మందులకు లొంగకుండ పోయెను.

పేరు తెలియని తుంగ కనబడినచో ఆకు మాత్రము త్రుంచి తేవలదు. వేరు, గడ్డ, పూగుత్తితో సహా పెరికి, మట్టి కడిగి, వార్తాపత్రిక మడతలో ఉంచి రుద్రూరులోని పరిశోధనా కేంద్రమునకు గాని, మీ మండల వ్యవసాయాధికారికి గాని చూపండి. కొండ తుంగ పేరు తేల్చుటకు పండితుడు చూచునవి ఈ భాగములే, మీ మడిలోని తుంగకును ఇవియే కావలెను. ముందు మొక్కను తెలిసికొని, పిదప మందు కొనండి.