ఫోన్‌లో కాంటాక్ట్ మెర్జ్ అయితే నవ్వుకుంటాం.. రేషన్ కార్డు మెర్జ్ అయితే?

గూగుల్ కాంటాక్ట్స్ యాప్‌లో డూప్లికేట్లను కలిపేసే ఆప్షన్ మీరు చూసే ఉంటారు. "ఈ ఇద్దరూ ఒకరేనా? కలిపేయమంటారా?" అని అడుగుతుంది. వేటపాలెం కుర్రాడి ఫోన్‌లో ఎంతమంది శ్రీనులు ఉంటారో ఊహించుకోండి: మగ్గం శ్రీను, జీడిపప్పు శ్రీను, చీరాల శ్రీను. పొరపాటున ఇద్దరిని కలిపేసినా 30 రోజుల్లోపు వెనక్కి తెచ్చుకోవచ్చు. పెద్ద నష్టమేమీ లేదు.

ఇదే పని ప్రభుత్వం చేస్తే దాన్ని ఎంటిటీ రిజల్యూషన్ అంటారు. తెలంగాణలోని 'సమగ్ర వేదిక' సిస్టమ్ చేసేది ఇదే. రేషన్, వాహనాలు, ఆస్తి పన్ను, కరెంటు ఇలా సుమారు 30 శాఖల రికార్డులను పక్కపక్కన పెట్టి, ఏవి ఒకే మనిషివో లెక్క కడుతుంది. పేరు, అడ్రస్ లాంటివి ఎంత దగ్గరగా ఉన్నాయో చూస్తుంది. ఆ పోలిక ఒక హద్దు దాటితే "ఇద్దరూ ఒకరే" అనేస్తుంది.

అసలు తంటా ఇక్కడే. మన పేర్లను ఇంగ్లిష్‌లో ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. శ్రీనివాసరావుకే నాలుగైదు స్పెల్లింగులు ఉంటాయి. ఇంటిపేరు ఒక రికార్డులో ముందు, ఇంకో దాంట్లో వెనక, మరో దాంట్లో ఒక్క అక్షరం. కాబట్టి హద్దు తగ్గిస్తే వేర్వేరు మనుషులు కలిసిపోతారు, పెంచితే ఒకే మనిషి ఇద్దరవుతాడు. ఫేస్ అన్‌లాక్‌కీ ఇదే గొడవ. కాకపోతే అక్కడ ఫెయిలైతే పిన్ కొట్టుకుంటాం.

హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒకాయనను, పేరు కాస్త కలిసే వేరే కారు యజమానిగా ఈ సిస్టమ్ లెక్కేసింది. కారు ఉన్నవాళ్లకు రేషన్ కార్డు రాదు. ఆయన చనిపోయాక కూడా భార్య తమకు కారు లేదని నిరూపించుకోవడానికి తిరుగుతూనే ఉన్నారు. లేని కారును లేదని ఎలా చూపిస్తారు చెప్పండి? రిపోర్టర్స్ కలెక్టివ్‌తో కలిసి అల్ జజీరా 2024 జనవరిలో ఈ కథ బయటపెట్టింది. 2014-2019 మధ్య తెలంగాణలో 18 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయని అందులో ఉంది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇంటికెళ్లి మళ్లీ చూడమంది. అప్పుడు పరిశీలించిన సుమారు 2.05 లక్షల దరఖాస్తుల్లో 15,471 మంది అర్హులని తేలింది. అంటే 7.5 శాతం. ఏ ఫోన్‌లోనైనా ఫింగర్‌ప్రింట్ సెన్సర్ ఈ లెక్కన తప్పితే రివ్యూలో మేమే ఉతికి ఆరేసేవాళ్లం.

"అది తెలంగాణ కదా" అనుకోకండి. ఆంధ్రప్రదేశ్‌లో పథకాలకు వాడే ఆరంచెల వెరిఫికేషన్‌లో ఏఐ అక్కర్లేదు, డేటా తప్పుగా ఉంటే చాలు. నెలకు సగటున 300 యూనిట్ల కరెంటు దాటకూడదు, నాలుగు చక్రాల సొంత బండి ఉండకూడదు (ట్యాక్సీ, ట్రాక్టర్లకు మినహాయింపు) లాంటి రూల్స్ ఉంటాయి. వేటపాలెంలో అద్దె ఇంట్లో మగ్గం నేసే ఒక కుటుంబం అనుకోండి. వాళ్ల ఆధార్ పొరపాటున ఎవరిదో పెద్ద ఇంటి మీటర్‌కు లింకైతే, స్క్రీన్ మీద "అనర్హులు" అని వస్తుంది. అప్పట్లో నేతన్న నేస్తం కింద ఏడాదికి 24,000 రూపాయలు వచ్చేవి. నేత ఇంట్లో అది చిన్న డబ్బు కాదు.

నా దృష్టిలో మెషీన్ తప్పు చేయడం కంటే పెద్ద సమస్య, ఆ తప్పును రుజువు చేసే బరువు పేదవాడి మీద పడటం. యూరప్‌లో జీడీపీఆర్ 22వ ఆర్టికల్ ప్రకారం, జీవితం మీద గట్టి ప్రభావం చూపే నిర్ణయాన్ని పూర్తిగా మెషీన్‌కే వదిలేయకూడదు. కొన్ని మినహాయింపులు ఉన్నా, మనిషి చూడాలని అడగొచ్చు. మన 2023 డేటా రక్షణ చట్టంలో తప్పు డేటాను సరిచేయించుకునే హక్కు ఉంది కానీ, "అల్గారిదం నన్ను ఎందుకు తీసేసింది?" అని అడిగే హక్కు విడిగా లేదు.

అందాకా మనం చేయగలిగింది కొంత ఉంది. ఇంట్లో పెద్దవాళ్ల పేర్లు ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్‌లో ఒకే స్పెల్లింగ్‌లో ఉన్నాయో లేదో చూడండి. పథకం ఆగితే సచివాలయంలో ఏ రూల్ కింద ఆగిందో, కరెంటు అయితే ఏ సర్వీస్ నంబర్ చూపిస్తోందో అడిగి రాసుకోండి. ఆ నంబర్ మీది కాకపోతే కరెంటు ఆఫీసులో అర్జీ పెట్టి, రసీదు ఫొటో తీసి దాచండి. ఫోన్‌లో స్టోరేజ్ నిండినా ఆ ఫొటో మాత్రం డిలీట్ చేయకండి.