శాన్ రామన్‌లో దాచిన డాలరు ఎక్కడికి పోతుంది?

కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో డోహర్టీ వ్యాలీ వైపు భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. జీతాలు బాగుంటాయి, ఇంటి వాయిదా బరువుగా ఉంటుంది, అయినా నెలాఖరుకు ఎంతోకొంత మిగల్చాలన్న పట్టుదల సడలదు. ఇది మన పెంపకమని చెప్పుకుంటాం గానీ, నాకు భయమే పెద్ద కారణంగా కనిపిస్తుంది. హెచ్‌-1బీ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. గ్రీన్‌కార్డు కోసం ఏళ్లూ పూళ్లూ వేచి ఉండాలి. అలాంటి ఇల్లు డబ్బు దాచుకోవడంలో తప్పేమీ లేదు.

ఆ ఇంటికి మంచిది ఊరికీ మంచిదేనా అన్నది వేరే ప్రశ్న. ఒకరి ఖర్చు ఇంకొకరి ఆదాయం. ఒక కుటుంబం హోటల్‌కు వెళ్లడం మానేస్తే దానికి నాలుగు డబ్బులు మిగులుతాయి. వేల కుటుంబాలు ఒకే నెలలో మానేస్తే వంటవాళ్లకు పని గంటలు తగ్గుతాయి, వాళ్లూ చేయి బిగిస్తారు, ఆ దెబ్బ మరో దుకాణానికి తగులుతుంది. చివరికి అందరి ఆదాయమూ తగ్గి, దాచగలిగేదీ తగ్గిపోతుంది. అర్థశాస్త్రంలో దీనికి పొదుపు వైరుధ్యమని పేరు. ఈ ఆలోచన పాతదే అయినా, కీన్స్ 1936లో వెలువరించిన గ్రంథంతో దానికి బలం వచ్చింది.

దెబ్బ నగరపాలనకూ తగులుతుంది. కాలిఫోర్నియాలో అమ్మకం పన్ను కనీసం 7.25 శాతం. అందులో 1 శాతం స్థానిక ప్రభుత్వానికి చేరుతుంది. ఊళ్లోని బిషప్ రాంచ్ ఆఫీసు సముదాయానికి వచ్చే జనం తగ్గితే మధ్యాహ్న భోజనాల వ్యాపారంతో పాటు ఆ పన్నూ తగ్గుతుంది. అప్పట్లో ఇక్కడే ప్రధాన కార్యాలయం ఉన్న చమురు సంస్థ షెవ్రాన్ దాన్ని హ్యూస్టన్‌కు మారుస్తామని 2024 ఆగస్టులో ప్రకటించినప్పుడు ఆ సంస్థతో సంబంధం లేని వ్యాపారులు కూడా ఆలోచనలో పడాల్సి వచ్చింది అందుకే.

ఈ లెక్క మన కళ్లముందే నడిచిన కాలం ఒకటుంది. 2020 మార్చి 17 నుంచి శాన్ రామన్ ఉన్న కాంట్రా కోస్టాతో సహా బే ఏరియాలోని ఆరు కౌంటీలు కరోనా కారణంగా జనాన్ని ఇళ్లలోనే ఉండమన్నాయి. ఏప్రిల్‌లో అమెరికన్లు చేతికందిన ఆదాయంలో దాదాపు మూడోవంతు ఖర్చు పెట్టలేదు. మామూలు రోజుల్లో అది పదోవంతు కూడా ఉండదు. అదే నెలలో నిరుద్యోగం 15 శాతానికి చేరువైంది. జనం చేయి ముడుచుకున్నప్పుడు ప్రభుత్వం అప్పు చేసి చేయి అందించింది. ఆదాయ పరిమితికి లోబడిన పెద్దవాళ్లకు తలా 1,200 డాలర్లు పంపింది. రెండు సాఫ్ట్‌వేర్ జీతాలున్న చాలా ఇళ్లకు అది రాలేదు, రావలసిన అవసరమూ లేదు. ఆ డబ్బు వెంటనే అద్దెకూ సరుకులకూ పోయే ఇళ్లకు చేరడమే ముఖ్యం.

తర్వాత కథ తిరగబడింది. దాచిన డబ్బు ఒక్కసారిగా బజారుకొచ్చింది, సరుకు మాత్రం సరిపడా రాలేదు. 2022 జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది. నలభై ఏళ్లలో అంత ఎప్పుడూ లేదు. ఫెడరల్ రిజర్వ్ సున్నా దగ్గరున్న వడ్డీని ఏడాదిన్నర లోపే 5 శాతం దాటించింది. 2021లో 3 శాతం చుట్టూ ఉన్న ఇంటి అప్పు వడ్డీ 2023 అక్టోబరు నాటికి 8 శాతానికి దగ్గరైంది. వడ్డీ పెంచడమంటే కొన్నాళ్లు ఖర్చు ఆపండని జనానికి చెప్పడమే. అంతకు రెండేళ్ల ముందు ఖర్చు పెట్టించడానికి తంటాలు పడిన దేశమే ఈ మాట చెప్పాల్సి వచ్చింది.

అలాగని పొదుపు వృథా కాదు. బ్యాంకులో దాచిన డబ్బును ఇంకొకరు అప్పు తీసుకుని ఇల్లు కడితే, యంత్రం కొంటే, కొత్త కంపెనీ పెడితే అది మదుపు అవుతుంది. రేపటి ఉద్యోగాలు అక్కడినుంచే వస్తాయి. మన విషయంలో చిక్కు ఇక్కడుంది: మన పొదుపులో కొంత భారతదేశానికి వెళుతుంది, అక్కడ అదంతా మదుపు కాదు. భారతదేశానికి విదేశాల నుంచి వచ్చే సొమ్ములో అమెరికా వాటా 2023-24లో సుమారు 28 శాతమని భారత రిజర్వ్ బ్యాంకు సర్వే తేల్చింది. అమ్మానాన్నల మందులకు పంపిన డబ్బు ఊళ్లో దుకాణదారుడి ఆదాయంగా మారుతుంది. హైదరాబాద్ శివార్లలో ఖాళీ స్థలం కొంటే పట్టా మీద పేరు మారుతుంది, అమ్మినవాడికి డబ్బు చేరుతుంది, అంతే. అక్కడ ఇల్లు లేవదు, బడి రాదు. అందరూ అదే పని చేస్తే ధర మాత్రం పెరుగుతుంది. ఊళ్లోనే ఉండి సొంతిల్లు కట్టుకోవాలనుకునే ఉపాధ్యాయుడికి ఆ స్థలం అందకుండా పోతుంది. మన పొదుపు వల్ల జరిగే ఈ నష్టం గురించి మనం తగినంత మాట్లాడుకోవడం లేదు.

భయంతో దాచడం మన ఒక్కరి కథే కాదు. చైనాలో కుటుంబాల ఖర్చు దేశ ఉత్పత్తిలో సుమారు 40 శాతం, అమెరికాలో మూడింట రెండు వంతులు. పింఛను, వైద్యం మీద భరోసా చాలనిచోట జనం ఎక్కువ దాస్తారు. వాళ్లను ఖర్చు పెట్టమని బతిమాలడం కన్నా ఆ భరోసా ఇవ్వడమే ప్రభుత్వం చేయాల్సిన పని. ఉద్యోగం పోయాక వీసాదారులకు దొరికే గడువు 60 రోజులకు బదులు ఆరు నెలలుంటే శాన్ రామన్ ఇళ్లలోనూ చేయి కొంత వదులవుతుందని నా నమ్మకం.

అప్పటిదాకా ఆరు నెలల ఖర్చు దగ్గర పెట్టుకోండి. రిటైర్మెంటు ఖాతాకు వేసేది వేయండి. ఆ పైన మిగిలినదానితో ఇంకో ఖాళీ స్థలం కొనేముందు, ఆ డబ్బు ఎవరికి పని కల్పిస్తుందో ఒక్కసారి అడిగి చూడండి. గడ్డురోజులు వచ్చి ఖర్చు తగ్గించాల్సి వస్తే, మీ ఉద్యోగం నిలిచి ఉన్నంతకాలం ఊళ్లోని టిఫిన్ సెంటరునూ పిల్లలకు సంగీతం చెప్పే టీచరునూ అన్నిటికన్నా చివర ఆపండి.