నేల విడిచిన నిమిషములో ఇంజను ఆగినచో

రాజమహేంద్రవరమున రేవు విడిచిన లాంచి ఇంజను నడిగోదావరిలో ఆగినచో లాంచి మునుగదు. సరంగు చుక్కాని పట్టుకొని యున్నచో ప్రవాహముతోబాటు పోయి ఏదో ఒక లంకకు చేరును. విమానము మాత్రము ఇంజను ఆగిన క్షణముననే రాయివలె పడిపోవునని పెక్కుమంది తలంతురు. ఇది పొరపాటు. విమానమును నిలుపునది రెక్కలు. రెక్కలపై గాలి తగినంత వేగముతో ప్రవహించుచున్నంతవరకు పైకెత్తు బలము కలుగుచునే యుండును. ఇంజను ఆగినచో ఆ వేగమును ఎత్తు ఖర్చుచేసి సంపాదించుకొనవలెను, అంతే భేదము. సెస్నా 172 వంటి నాలుగు సీట్ల విమానము ఒక మీటరు దిగుచు సుమారు తొమ్మిది మీటర్లు ముందుకు జారగలదు. వెయ్యి మీటర్ల ఎత్తున నున్నవానికి ఇది గొప్ప సంపద. అప్పుడే నేల విడిచినవాని చేతిలో సొమ్ము ఏమున్నది?

మధురపూడి విమానాశ్రయమునుండి అట్టి చిన్న విమానము లేచినదనుకొందము. పైకెక్కునపుడు దాని ముక్కు ఎత్తుగా నుండును. ఆ స్థితిలో ఇంజను ఆగినచో కొద్ది సెకండ్లలోనే వేగము పడిపోవును. గంటకు సుమారు 89 కిలోమీటర్లకు తగ్గినచో గాలి రెక్క పైతలమును అంటిపెట్టుకొనక చెదరిపోవును. దీనిని స్టాల్ అందురు. అందుచేత పైలట్ చేయవలసిన మొదటి పని ముక్కును క్రిందికి దించి వేగమును 120 ప్రాంతమున నిలుపుట. ఎదుట నేల కనబడుచుండగా నేలవైపునకే ముక్కు దించుటకు మనసు ఒప్పదు. అయినను దించవలెను.

రెండవ ప్రలోభము ఇంతకన్న బలమైనది. వెనుక చక్కని రన్‌వే యున్నది, తిరిగి అచ్చటికే పోరాదా అని తోచును. లెక్క వేసి చూతము. గంటకు 130 కిలోమీటర్ల వేగముతో, 45 డిగ్రీలు ఒరిగి తిరిగినచో ఆ వృత్తపు వ్యాసార్ధము సుమారు 130 మీటర్లు. అర్ధవృత్తము పూర్తియగునప్పటికి విమానము రన్‌వేకు 260 మీటర్లు ప్రక్కగా ఉండును. కనుక మరింత తిరిగి, మరల ఎదురుదిక్కుగా సరిదిద్దుకొనవలెను. ఇందులో నూరు మీటర్ల ఎత్తు సులభముగా హరించిపోవును. ఇంజను ఆగినదని నమ్ముటకే మూడు నాలుగు సెకండ్లు పట్టును. ఆ నష్టము వేరు. అంతకన్న చెడ్డ సంగతి మరియొకటి కలదు. ఒరిగిన రెక్కల బలములో కొంత మలుపునకు వినియోగమగును. బరువును మోయుటకు మొత్తము బలము 1.41 రెట్లు కావలెను. బలము వేగము యొక్క వర్గమును అనుసరించును గనుక స్టాల్ వేగము 19 శాతము పెరిగి, 89 కాస్త 106 అగును. తొందరలో ముక్కు కొంచెము పైకి లాగినచో చాలును, విమానము గిరగిర తిరుగుచు కూలును.

2009 జనవరి 15న న్యూయార్కులో లేచిన ఒక పెద్ద విమానపు రెండు ఇంజన్లను బాతుల గుంపు చెడగొట్టినది. బయలుదేరిన విమానాశ్రయమునకే తిరిగి రమ్మనిరి. కెప్టెన్ సల్లెన్‌బర్గర్ హడ్సన్ నదినే ఎన్నుకొనెను. 155 మందియు బ్రతికిరి.

మధురపూడిలో ఈ విషయమున కొంత అదృష్టము కలదు. పూర్వము సుమారు 1,750 మీటర్లుండిన రన్‌వే నేడు 3,165 మీటర్లున్నది. చిన్న విమానము మొదటి కొసనుండి బయలుదేరినచో, 60 మీటర్ల ఎత్తునకు చేరునప్పటికి దాదాపు ఒక కిలోమీటరు మాత్రమే వాడుకొనును. అప్పుడు ఇంజను ఆగినను ఎదుట రెండు కిలోమీటర్లకు పైగా రన్‌వే మిగిలియుండును, తిన్నగా దిగవచ్చును. పాత రన్‌వేపై అయినచో ఊపిరి బిగబట్టుకొని దిగవలసినదే.

రన్‌వే దాటిన తరువాత ఆగినచో ముందున్న నేలలోనే చోటు వెదకుకొనవలెను. స్వల్పముగా అటో ఇటో మరలవచ్చును గాని గాలికి ఎదురుగానే దిగవలెను. గాలి వేగము 20 అనుకొందము. 90తో నేలను తాకు విమానము ఎదురుగాలిలో నేలపై 70తో, వెనుకగాలిలో 110తో పోవును. ఆ రెండింటి గతిశక్తులలో రెండున్నర రెట్ల తేడా యున్నది. ఎముకలు విరుచునది ఆ శక్తియే.

మధురపూడి చుట్టుప్రక్కల మెట్ట. దక్షిణమునకు పోయి డెల్టాలో దిగవలసివచ్చినచో ఋతువును చూడవలెను. నాట్లు వేసిన దమ్ములో చక్రములు కూరుకొని విమానము తలక్రిందులగును. కోతలయిన ఆరుడు చేను మేలు, కాని గట్టుకు అడ్డముగా గాక గట్టు వెంబడి దిగవలెను. చేపల చెరువు పైనుండి నున్నగా కనబడినను నీటిలో చక్రములు తన్నుకొనును. కొబ్బరితోటలకన్న కరెంటు తీగలు ప్రమాదము. తీగ కనబడదు, స్తంభములను చూచి ఊహించుకొనవలెను. దిగుటకు ముందే పెట్రోలు, విద్యుత్తు కట్టివేసి తలుపు గడియ తీయుదురు. దెబ్బకు చట్రము వంగినచో తలుపు బిగుసుకొనును.

ఇంజను ఆగుటకు గల కారణములలో ఒకటి ఈ తేమ ప్రాంతమున ప్రత్యేకముగా గమనింపదగినది. సగము నిండిన టాంకులో రాత్రివేళ గాలిలోని ఆవిరి చల్లబడి నీరగును. పెట్రోలుకన్న నీరు బరువు గనుక అడుగుకు చేరి, అచ్చటినుండి ఇంజనులోనికి పోవును. అందువలన ఉదయమున పైలట్ రెక్క అడుగున గొట్టము తెరచి కొంచెము పెట్రోలును గాజుపాత్రలోనికి వంపి చూచును. విమానపు పెట్రోలుకు నీలిరంగు కలిపియుందురు. రంగులేని బొట్టు అడుగున కనబడినచో, అది పోవువరకు మరల మరల వంపుచుండును.