ఫ్రేమ్‌పై నాలుగు బైట్ల గుర్తు: వర్చువల్ లాన్ పనితీరు

హైదరాబాదు పాతబస్తీలోని సంతోష్‌నగర్ వంటి ప్రాంతంలో కింద దుకాణాలు, పై అంతస్తుల్లో క్లినిక్కులు, కోచింగ్ కేంద్రాలు ఉండే భవనాలు సాధారణ దృశ్యం. అటువంటి ఒక భవనంలో క్లినిక్కు, కోచింగ్ కేంద్రం ఒకే ఈథర్నెట్ స్విచ్‌ను పంచుకుంటున్నాయనుకుందాం. రోగుల వివరాలున్న కంప్యూటరుకూ, విద్యార్థి ల్యాప్‌టాప్‌కూ నడుమ అడ్డుగోడ ఏది? భవనానికి గోడలూ తాళాలూ ఉన్నాయి గాని, స్విచ్ లోపల అవి లేవు.

స్విచ్ సహజంగా అందరినీ ఒకే ఇంటివారిగా చూస్తుంది. ఏ పోర్టు నుంచి ఏ మ్యాక్ చిరునామా వచ్చిందో గమనించి పట్టికలో రాసుకుంటుంది. తరువాత ఆ చిరునామాకు వచ్చే ఫ్రేమ్‌ను ఆ పోర్టుకే పంపుతుంది. పట్టికలో లేని చిరునామా అయితే, లేదా అందరినీ ఉద్దేశించిన బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ అయితే, వచ్చిన పోర్టుకు తప్ప మిగిలిన పోర్టులన్నింటికీ చేరవేస్తుంది. వర్చువల్ లాన్ ఈ చేరవేతకు హద్దు గీస్తుంది. క్లినిక్కు పోర్టులకు 10, కోచింగ్ కేంద్రం పోర్టులకు 20 అని సంఖ్య కేటాయిస్తే, 10లో పుట్టిన బ్రాడ్‌కాస్ట్ 20లోకి పోదు. ఒకదాని నుంచి మరొకదానికి పోవాలంటే రౌటరు గుండా వెళ్లవలసిందే. ఎవరిని అనుమతించాలో అక్కడ నిర్ణయించవచ్చు.

‘వర్చువల్’ అనే మాటకు తెలుగులో ‘మిథ్య’ అనే అనువాదం కనిపిస్తుంది. ఇక్కడ అది పొసగదు. ఈ విభజన భ్రమ కాదు. దాని ఫలితం వేర్వేరు స్విచ్‌లు పెట్టినట్లే ఉంటుంది. లేనిది తీగల్లోని వేర్పాటు మాత్రమే.

ఒకే స్విచ్ ఉన్నంతవరకు పోర్టు సంఖ్యే చాలును. పై అంతస్తులో రెండవ స్విచ్ పెట్టి, రెండింటినీ ఒకే తీగతో కలిపినప్పుడు చిక్కు వస్తుంది. ఆ తీగపై వచ్చిన ఫ్రేమ్ 10కి చెందినదో 20కి చెందినదో అవతలి స్విచ్‌కు తెలియాలి. 1998లో వెలువడిన ఐఈఈఈ 802.1క్యూ ప్రమాణం దీనికి చెప్పిన పరిష్కారం, ఫ్రేమ్‌లోనే గుర్తు పెట్టడం. పంపినవారి మ్యాక్ చిరునామా తరువాత నాలుగు బైట్లు చొప్పిస్తారు. మొదటి రెండు బైట్లలో ఉండే 8100 అనే హెక్సాడెసిమల్ విలువ ‘ఇది గుర్తున్న ఫ్రేమ్’ అని తెలుపుతుంది. మిగిలిన 16 బిట్లలో మూడు ప్రాధాన్యాన్ని, ఒకటి రద్దీవేళ ముందుగా వదిలేయదగిన ఫ్రేమ్‌ను సూచిస్తాయి. తక్కిన 12 బిట్లే వర్చువల్ లాన్ సంఖ్య. పన్నెండు బిట్లకు 4096 విలువలు. 0, 4095 ప్రత్యేకించినవి గనుక వాడుకకు మిగిలేవి 4094. ఒక భవనానికి ఇవి ఎక్కువే, పెద్ద డేటా కేంద్రానికి చాలవు. గుర్తు చేరడంతో ఫ్రేమ్ గరిష్ఠ పరిమాణం 1518 నుంచి 1522 బైట్లకు పెరిగింది. దోషాలను పట్టే చివరి నాలుగు బైట్లను కూడా మళ్లీ లెక్కించవలసి వస్తుంది.

స్విచ్‌లను కలిపే ఈ తీగ చివర ఉన్నది ట్రంక్ పోర్టు, సామాన్య కంప్యూటరు తగిలించేది యాక్సెస్ పోర్టు. యాక్సెస్ పోర్టు గుండా బయటికి పోయేముందు స్విచ్ గుర్తును తీసేస్తుంది. కనుక క్లినిక్కు కంప్యూటరుకు తాను 10లో ఉన్న సంగతే తెలియదు. పోర్టు సంఖ్య ఒక్కటి తప్పుగా పడితే అది మౌనంగా పొరుగువారి లాన్‌లో చేరిపోతుంది, హెచ్చరించేవారు ఉండరు.

గుర్తు గోప్యలిపి కాదన్నది మరువరాని విషయం. ట్రంక్ తీగను చేజిక్కించుకున్నవాడు, విడిగా గోప్యలిపి వాడని సమాచారాన్ని చదవగలడు. ట్రంక్‌పై గుర్తు లేకుండా నడిచే ‘నేటివ్’ వర్చువల్ లాన్ మరొక సందు. ఆ లాన్‌లోని యాక్సెస్ పోర్టు నుంచి ఎవరైనా రెండు గుర్తులున్న ఫ్రేమ్ పంపితే, దాన్ని అంగీకరించిన మొదటి స్విచ్ పై గుర్తును తీసివేసి ట్రంక్‌పైకి వదలవచ్చు. రెండవ స్విచ్ లోపలి గుర్తును నమ్మి వేరే లాన్‌లోకి చేరుస్తుంది. జవాబు అదే దారిన తిరిగిరాదు, కాని హాని చేయడానికి ఒకవైపు దారి చాలు. అందువల్ల నేటివ్ సంఖ్యను ఏ యాక్సెస్ పోర్టుకూ కేటాయించకుండా ఉంచడం, ట్రంక్‌పై దానికీ గుర్తు తప్పనిసరి చేయడం, వాడని పోర్టులను మూసివేయడం నిర్వాహకుడు మొదటిరోజే చేయవలసిన పనులు.