కరెంటు పోయిన పిదప సంఘపు లెక్కలను కాపాడుకొను విధము

దేశమునందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించుటకు కేంద్ర ప్రభుత్వము 2022వ సంవత్సరము జూన్ 29వ తేదీన 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించెను. లెక్కలలో కొన్ని దూరమందలి కేంద్ర యంత్రములలో నుండును. కొన్ని సంఘపు గదిలోని యంత్రముననే యుండును. మేమిచట వ్రాయునది ఈ రెండవ వానిని గూర్చియే.

వరంగల్లు ప్రాంతమున వేసవి గాలివానలకు స్తంభములొరిగి కరెంటు హఠాత్తుగా పోవుట రైతులెరిగినదే. కరెంటు వచ్చిన పిమ్మట బావి మోటరు మరల నడచును. కంప్యూటరు సంగతి అట్టిది కాదు.

డిస్కునందు వ్రాత యొక తావునను, ఆ వ్రాత యెచ్చట నున్నదో తెలుపు పట్టిక వేఱొక తావునను ఉండును. పొలమునకు పహణీ యెట్టిదో వ్రాతకు ఈ పట్టిక యట్టిది. యంత్రము క్రొత్త వ్రాతను వెంటనే డిస్కునకెక్కింపక కొంతసేపు తాత్కాలికముగా నిలుపుకొనును. ఆ సమయమున కరెంటు పోయినచో సగము వ్రాతయే యెక్కి, పట్టికకును వ్రాతకును పొందిక తప్పును. అయినను పహణీ చినిగినంత మాత్రమున పొలము పోదు. వ్రాత చాలవఱకు డిస్కుననే యుండును.

వర్తకుడు ముందు చిట్టా వ్రాసి పిదప ఆవర్జాకెత్తినట్లు, ఇప్పటి విండోసు, లినక్సు యంత్రములును మార్పులను ముందు ఒక చిట్టాలో నమోదు చేయును. అయితే ఈ చిట్టా సాధారణముగా పట్టికనే కాపాడును గాని లోపలి అంకెలను కాదు. కావున యంత్రము చక్కగా తెరచుకొన్నది గదా యని లెక్కలు సరియని నమ్మరాదు.

అట్టి సమయమున చేయవలసిన పనులు ఇవి:

1. కరెంటు నిలకడగా వచ్చువఱకు యంత్రమును తెరువరాదు. డిస్కును ఫార్మాటు చేయుదునా యని యంత్రమడిగినచో ఒప్పుకొనరాదు.

2. డిస్కు టకటక చప్పుడు చేసినచో, అది వస్తువునకే కలిగిన చెఱుపు. వెంటనే ఆపి నిపుణునకు చూపవలయును.

3. మరమ్మతునకు ముందు ఆ డిస్కును వేఱొక యంత్రమునకు తగిలించి, మొత్తమును మఱియొక డిస్కునకు నకలు తీయవలయును. మరమ్మతు సాధనము పట్టికను పొందికపఱచును గాని మీ లెక్కలనెఱుగదు. పొందని ముక్కలను తీసి వేఱుగా పడవేయును. నకలు లేనిచో చేసిన పొరపాటునకు తిరుగు లేదు.

4. పిదపనే విండోసులో చెక్‌డిస్కు, లినక్సులో ఎఫ్‌ఎస్‌సికె నడుపవలయును. చెక్‌డిస్కు మరమ్మతు గుర్తు చేర్పనిచో చూచి చెప్పును, చేర్చినచో దిద్దును. ముందు చూచుట మేలు.

5. తుదకు, కడపటి నకలు తీసిన దినము మొదలు ప్రతి రశీదును తెరపైనున్న అంకెతో సరిచూడవలయును.

ఇది సభ్యుల సొమ్మునకు సంబంధించిన విషయము. 2025–26లో కేంద్ర పథకము క్రింద 7 శాతము వడ్డీకి తీసికొన్న పంట ఋణమును గడువులోపల చెల్లించిన రైతునకు 3 శాతము రాయితీ కలదు. చెల్లించిన తేదీ లెక్కలో చెఱిగినచో ఆ రాయితీకి రైతు చేతిలోని రశీదే ఆధారము. దానిని పారవేయకుడు.

యు.పి.ఎస్. పెట్టె కొన్ని నిమిషముల కరెంటునిచ్చును. అది పని సాగించుటకు గాక, యంత్రమును క్రమముగా మూయుటకని తెలియవలయును. నకళ్లు రెండుండి, ఒకటి సంఘపు గది వెలుపల నుండవలయును. రాబోవు మహాజన సభలో సభ్యులు రెండు ప్రశ్నలడుగవలెనని మా మనవి: కడపటి నకలు ఎప్పుడు తీసితిరి? దానిని తెరచి చూచితిరా?